లేజర్‌తో అద్దాలు తీసేయొచ్చా? ధర కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు

తిరుమలగిరి లాంటి ఊళ్లో కంటి అద్దాల విషయం ఇంట్లో రెండు సందర్భాల్లో గట్టిగా చర్చకు వస్తుంది. అమ్మాయికి రిష్తా చూస్తున్నప్పుడు ఒకసారి. అబ్బాయి పోలీసు ఉద్యోగానికో, మిలిటరీకో, రైల్వేకో అప్లికేషన్ పెట్టేటప్పుడు ఇంకోసారి. "హైదరాబాద్ తీసుకపోయి లేజర్ చేయిస్తే అయిపోతది కదా" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, "ఎంత అయితది?"

నిజానికి ధర మూడో ప్రశ్న కావాలి. మొదటిది, ఈ కన్నుకు లేజర్ సరిపడుతుందా అని. రెండోది, ఏ అవసరం కోసం చేయిస్తున్నాం, ఆ అవసరం దీనితో తీరుతుందా అని. ఈ రెండూ తేలకుండా ప్యాకేజీ ధర తెలుసుకుని బస్సెక్కితే లాభం లేదు. లేజర్ మంచిదా చెడ్డదా అనేది అందరికీ ఒకే జవాబు ఉన్న ప్రశ్న కాదు. ఒకే ఇంట్లో అక్కకు సరిపడి, చెల్లెలికి సరిపడకపోవచ్చు.

ముందు ఏ లేజరో తేల్చుకోవాలి

మన దగ్గర కంటికి సంబంధించి "లేజర్" అనే మాటను చాలా వాటికి వాడేస్తారు. నానీకి మోతియాబింద్ (శుక్లం) ఆపరేషన్ జరిగినా లేజర్ అంటారు. అందులో లోపల మసకబారిన లెన్స్ తీసి కొత్తది పెడతారు. ఆ ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు లెన్స్ వెనక పొర మసకబారితే దాన్ని శుభ్రం చేయడానికి వాడేది ఇంకో లేజర్. షుగర్ ఉన్నవాళ్లకు కంటి లోపలి తెర, అంటే రెటీనా, దెబ్బతినకుండా వేసే లేజర్ మరొకటి. వీటిలో ఏదీ అద్దాల నంబరు తీసేయడానికి చేసేది కాదు.

అద్దాలు తీసేయడానికి చేసే లేజర్ కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీద గాజులా ఉండే కార్నియా అనే పొర మీద పనిచేస్తుంది. కాబట్టి "మా దాదీకి బాగా పనిచేసింది, నీకూ పనిచేస్తది" అనే సలహా ఇక్కడ పనికిరాదు. దాదీకి జరిగింది వేరు, మనవరాలికి చేయాలనుకుంటున్నది వేరు.

లేజర్ ఏం చేస్తుంది?

మైనస్ సైటు ఉన్నవాళ్ల కంట్లో వెలుతురు రెటీనా మీద కాకుండా దానికి కొంచెం ముందే కలుస్తుంది. అందుకే దూరంగా వస్తున్న బస్సు బోర్డు మసకగా కనిపిస్తుంది. అద్దాలు ఆ వెలుతురును సరైన చోటికి చేరుస్తాయి. లేజర్ కార్నియా మధ్య భాగాన్ని అతి సన్నగా చెక్కి దాని వంపు మారుస్తుంది. దాంతో అద్దం చేసే పని కార్నియానే చేస్తుంది.

ఈ పనికి వాడే ఎక్సైమర్ లేజర్ వెనక ఒక భారతీయుడి కృషి ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్, ఐబీఎం పరిశోధనశాలలో ఇద్దరు సహచరులతో కలిసి 1981లో ఈ లేజర్‌ను జీవకణజాలం మీద వాడి చూశారు. చుట్టుపక్కల భాగం కాలకుండా, కావాల్సినంత మేరకే సన్నని పొర లేచిపోయింది. కంటి వైద్యులు దాన్ని కార్నియాకు అన్వయించారు. 1990ల నుంచి ఈ చికిత్స ప్రపంచమంతా వ్యాపించింది.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. చెక్కిన పొర మళ్లీ పెరిగి మునుపటిలా కాదు. నచ్చకపోతే అద్దాలు మార్చుకున్నట్టు దీన్ని వెనక్కి తీసుకోలేం. ముందు పరీక్షలు అంత ముఖ్యం అనేది ఇందుకే.

కార్నియా మందం లెక్క

కార్నియా మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరులో 1000 మైక్రాన్లు. చాలామందికి కార్నియా మధ్యలో 500 నుంచి 550 మైక్రాన్ల దాకా ఉంటుంది. అంటే మొత్తం పొర అర మిల్లీమీటరు. లాసిక్‌లో ఒక్కో నంబరు తీయడానికి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాల్సి వస్తుంది. దానికి ముందు పైన మూతలా ఒక పొరను, సుమారు 110 మైక్రాన్ల మందంతో, కోసి లేపుతారు. ఇవన్నీ పోగా అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలి. చాలామంది డాక్టర్లు 300 మిగిలితేనే మంచిదంటారు.

ఇద్దరి లెక్క చూద్దాం. మొదటి మనిషికి మైనస్ 4, కార్నియా 530 మైక్రాన్లు. నంబరుకు 14 చొప్పున 56 చెక్కుతారు. 530 నుంచి 110, 56 తీసేస్తే 364 మిగులుతాయి. ఇబ్బంది లేదు. రెండో మనిషికి మైనస్ 8, కార్నియా 480. చెక్కాల్సింది 112. 480 నుంచి 110, 112 తీసేస్తే మిగిలేది 258 మాత్రమే. కాగితం మీద 250 దాటింది కానీ, జాగ్రత్తపడే డాక్టర్ ఇక్కడ లాసిక్ వద్దంటారు.

అవసరానికి మించి పలుచబడిన కార్నియా, కంటి లోపలి ఒత్తిడికి మెల్లగా ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంది. అప్పుడు చూపు మునుపటి కంటే పాడవుతుంది, మామూలు అద్దాలతో కూడా సరిగా కుదరదు. అందుకే "మీకు కుదరదు" అని చెప్పిన డాక్టర్ మీద కోపం తెచ్చుకోవద్దు. ఆ మాట చెప్పని ఇంకో ఆసుపత్రిని వెతుక్కుంటూ పోవడం అసలే వద్దు.

మూడు పద్ధతులు

లాసిక్: పై పొరను పుస్తకం పేజీలా లేపి, కింద చెక్కి, మళ్లీ మూసేస్తారు. నొప్పి తక్కువ, ఒకట్రెండు రోజుల్లోనే చూపు తేటపడుతుంది. కానీ ఆ మూత గట్టి దెబ్బకు ఎప్పుడైనా కదిలే అవకాశం కొద్దిగా ఉంటుంది.

పీఆర్‌కే: మూత ఉండదు. పైనున్న సన్నని చర్మం లాంటి పొర తీసి నేరుగా చెక్కుతారు. మూడు నుంచి ఐదు రోజులు నొప్పి, మంట ఉంటాయి. చూపు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కార్నియా కాస్త పలుచగా ఉన్నవాళ్లకు, దెబ్బలు తగిలే పనుల్లో, ఆటల్లో ఉన్నవాళ్లకు దీన్ని సూచిస్తుంటారు.

స్మైల్: కార్నియా లోపలే లేజర్‌తో సన్నని బిళ్ల ఆకారం కోసి, చిన్న గాటు ద్వారా బయటికి తీస్తారు. మూత లేపడం ఉండదు. ధర ఎక్కువ.

వీటిలో ఖరీదైనదే మంచిది అనుకోవడం పొరపాటు. ఏది సరిపడుతుందో కార్నియా చెబుతుంది. లేజర్ కుదరని పెద్ద నంబర్లకు, కార్నియాను చెక్కకుండా కంటి లోపల చిన్న లెన్స్ అమర్చే ఐసీఎల్ అనే పద్ధతి కూడా ఉంది. దాని ఖర్చు, పరీక్షలు వేరు.

ఎవరు ఆగాలి, ఎవరు మానుకోవాలి

18 ఏళ్లు నిండనివాళ్లకు చేయరు. నంబరు ఇంకా పెరుగుతుంటుంది కాబట్టి 21 దాకా ఆగమనే డాక్టర్లూ ఉన్నారు. వయసు ఎంతైనా, కనీసం ఏడాదిగా నంబరు అర పాయింటుకు మించి మారి ఉండకూడదు. దీనికి సాక్ష్యం పాత చీటీలే. రాష్ట్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మొదలుపెట్టి, 2023 జనవరి నుంచి రెండో విడత నడిపిన కంటి వెలుగు క్యాంపుల చీటీ ఇంట్లో ఉంటే అదీ తీసుకెళ్లాలి. అద్దాల షాపు రాసిచ్చిన కాగితాలు కూడా పనికొస్తాయి.

కడుపుతో ఉన్న స్త్రీలు, పాలిచ్చే తల్లులు ఆగాలి. ఆ సమయంలో నంబరు తాత్కాలికంగా మారవచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్లు, కీళ్లవాతం లాంటి రోగనిరోధక జబ్బులున్నవాళ్లు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. ముందే కళ్లు బాగా పొడిబారే వాళ్లకు లేజర్ తర్వాత ఆ బాధ ఎక్కువవుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా పట్టుకోవాల్సింది కెరటోకోనస్ అనే జబ్బు. ఇందులో కార్నియా తనంతట తానే పలుచబడి కోను ఆకారంలోకి మారుతుంది. పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య మొదలవడం ఎక్కువ. మొదట్లో మామూలు సైటులాగే కనిపిస్తుంది. అద్దాలు మార్చిన ప్రతిసారీ సిలిండర్ నంబరు పెరుగుతుంటే అనుమానించాలి. ఎలర్జీతో కళ్లు అదేపనిగా నలిపే అలవాటు దీన్ని పెంచుతుంది. రక్తసంబంధంలో పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ముందే చెప్పడం మంచిది. కెరటోకోనస్ ఉన్న కంటికి అద్దాలు తీసే లేజర్ చేస్తే పరిస్థితి విషమిస్తుంది. దాన్ని ఉన్నచోటే ఆపడానికి క్రాస్‌లింకింగ్ అనే వేరే చికిత్స ఉంది. లేజర్ కోసం వెళ్లి ఈ జబ్బు బయటపడితే అది దురదృష్టం అనుకోవద్దు. సమయానికి తెలిసినట్టే.

పరీక్షల రోజు

సాఫ్ట్ కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు పరీక్షకు ఒకటి రెండు వారాల ముందే ఆపాలి. గట్టి లెన్సులైతే ఇంకా ఎక్కువ రోజులు ఆపాలి. లేకపోతే కార్నియా ఆకారం తప్పుగా నమోదవుతుంది. సుర్మా, కాజల్ పెట్టుకుని పోకూడదు.

నంబరు ఒక్కటే చూసి "ఓకే" అన్నారంటే పరీక్ష పూర్తి కానట్టే. కార్నియా మందం, దాని ఆకారపు మ్యాపు (టోపోగ్రఫీ), కన్నీళ్ల పరీక్ష, కంటి ఒత్తిడి, చుక్కలు వేసి రెటీనా పరీక్ష, ఇవన్నీ జరగాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది. వెంట ఒకరు ఉండాలి, బండి నడపొద్దు.

లేజర్ మెషీన్ ఉన్న ఆసుపత్రికి తిరుమలగిరి నుంచి జనగామ మీదుగానో, మోత్కూరు మీదుగానో హైదరాబాద్ పోవాల్సి వస్తుంది. ఒకే ప్రయాణంలో పరీక్ష, ఆపరేషన్ రెండూ ముగించుకుని వద్దామని అనిపించడం సహజం. కానీ పరీక్ష రిపోర్టు తీసుకుని ఇంటికొచ్చి, నాలుగు రోజులు ఆలోచించుకుని నిర్ణయిస్తే నష్టమేమీ లేదు. అనుమానం ఉంటే ఇంకో డాక్టర్‌కు చూపించవచ్చు. మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. "ఈరోజే కడితే తగ్గింపు" అనే మాటకు తొందరపడి సంతకం చేయాల్సిన పని లేదు.

చేయించుకున్నాక: నమాజ్, రోజా, దుమ్ము

చాలామందికి చూపు బాగా వస్తుంది. అయితే మొదటి కొన్ని నెలలు కళ్లు పొడిబారడం మామూలే. రాత్రిపూట ఎదురొచ్చే బండ్ల లైట్ల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. ఎక్కువమందికి ఇవి తగ్గిపోతాయి, కొద్దిమందికి మిగిలిపోతాయి. రాత్రి పూట ఆటో, లారీ నడిపేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఇన్ఫెక్షన్ వచ్చి చూపు దెబ్బతినడం చాలా అరుదు, కానీ అసలే లేదని చెప్పలేం.

సుమారు వారం రోజులు కంట్లోకి నీళ్లు పోకూడదు. కళ్లు నలపకూడదు. ఇక్కడే వుజూ ప్రశ్న వస్తుంది. నీళ్లు హాని చేస్తాయని డాక్టర్ చెప్పినప్పుడు షరీఅత్‌లో సౌలభ్యం ఉంది. ఎంతవరకు కడగాలి, ఎక్కడ మసహ్ చేయాలి అన్నది ఆపరేషన్‌కు ముందే ముఫ్తీ సాబ్‌ని అడిగి పెట్టుకుంటే తర్వాత కంగారు ఉండదు. సజ్దా ఎప్పటినుంచి మామూలుగా చేయొచ్చో డాక్టర్‌నే అడగాలి. ఇక రంజాన్ విషయం. కంట్లో చుక్కలు వేసుకుంటే రోజా పోదన్నది హనఫీ ఫిఖ్‌హ్‌లో ప్రసిద్ధమైన మాట. అయినా మొదటి వారాల్లో రోజుకు చాలాసార్లు చుక్కలు వేయాలి, మాత్రలు కూడా ఉండొచ్చు. వీలుంటే రంజాన్ దాటాక పెట్టుకుంటే సుఖం. ఉమ్రా ప్రయాణం ఉన్నవాళ్లూ కొన్ని వారాల తేడా ఉంచుకోవాలి.

పత్తి తీసే రోజుల్లో, వడ్లు ఎత్తే రోజుల్లో చేలల్లోనూ కల్లాల్లోనూ దుమ్ము ఎక్కువ. ఆ పనుల్లో ఉన్నవాళ్లు సీజన్ ముగిశాక చేయించుకోవడం మేలు. సుర్మా కొన్ని వారాల పాటు ముట్టుకోవద్దు. పాత రకం సుర్మాల్లో చాలావాటిలో సీసం ఉంటుంది కాబట్టి ఆ తర్వాత కూడా ఆలోచించి వాడాలి.

రిష్తా కోసమైతే

నికాహ్ తారీఖు ఖాయమయ్యాక హడావుడిగా లేజర్‌కు పరిగెత్తడం సరికాదు. కనీసం రెండు మూడు నెలల వ్యవధి ఉండాలి. పొడిబారిన ఎర్రటి కళ్లతో, మేకప్ వద్దన్న సమయంలో దుల్హన్‌గా కూర్చోవడం ఆ అమ్మాయికే కష్టం. పైగా లేజర్ మార్చేది కార్నియాను మాత్రమే. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సైటు వచ్చే అవకాశం అలాగే ఉంటుంది. అవతలివాళ్ల భయం అదే అయితే లేజర్ దానికి జవాబు కాదు. అన్నిటికంటే ముందు అమ్మాయిని అడగాలి. కన్ను తనది, నిర్ణయమూ తనదే కావాలి.

ఉద్యోగం కోసమైతే

ఇక్కడ లేజర్ కొన్నిసార్లు తలుపు తెరుస్తుంది, కొన్నిసార్లు మూసేస్తుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లాసిక్ లాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అనర్హులు. ఆ ఉద్యోగం కోసమని లేజర్ చేయిస్తే ఉన్న అవకాశమే పోతుంది. సాయుధ దళాల్లోని కొన్ని ప్రవేశాలకు 20 ఏళ్లు నిండాకే చేయించుకుని ఉండాలి, ఆపరేషన్ జరిగి 12 నెలలు దాటాలి వంటి షరతులున్నాయి. దాచిపెడదామంటే కుదరదు, కార్నియా పరీక్షలో తెలిసిపోతుంది. ఏ పోస్టుకైనా నోటిఫికేషన్‌లో మెడికల్ భాగం మొత్తం చదివాకే డాక్టర్ దగ్గరికి పోవాలి.

పైసల లెక్క

"ఒక్కసారి పెడితే జీవితాంతం అద్దాల ఖర్చు తప్పుతది" అనే మాటను లెక్క వేసి చూడాలి. ఉదాహరణకు ఒక ఆసుపత్రి రెండు కళ్లకు 60,000 రూపాయలు చెప్పిందనుకుందాం. ఇద్దరు మనుషులు నాలుగుసార్లు హైదరాబాద్ పోయిరావడానికి 6,000, చుక్కల మందులకు 4,000 వేసుకుంటే మొత్తం 70,000. ఏడాదికి అద్దాల మీద 2,500 పెట్టే మనిషికి ఈ డబ్బు తిరిగి రావడానికి 28 ఏళ్లు పడుతుంది. కాంటాక్ట్ లెన్సుల మీద ఏడాదికి 8,000 పెట్టేవాళ్లకైతే తొమ్మిదేళ్లలోపే. అంటే మామూలు అద్దాలవాళ్లకు లేజర్ పొదుపు పథకం కాదు. సౌకర్యం కోసం పెట్టే ఖర్చు. ఆ సౌకర్యం ఆ ఇంటికి అంత విలువైనదా అన్నదే చూసుకోవాలి. ఆసుపత్రి చెప్పిన ధరలో పరీక్షలు, తర్వాతి చెకప్‌లు ఉన్నాయో లేవో కాగితం మీద రాయించుకోవాలి.

ఆరోగ్య బీమా ఉన్నా, 7.5 కంటే తక్కువ నంబరుకు చేసే ఇలాంటి చికిత్స ఖర్చును పాలసీలు సాధారణంగా ఇవ్వవు. కంతుల మీద కట్టమంటే అందులో వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు ఎంతుందో అడగాలి. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు ఏడాదో రెండేళ్లో కూడబెట్టి చేయించుకున్నా నష్టం లేదు. నంబరు స్థిరపడిందో లేదో తేలడానికి కూడా ఆ సమయం పనికొస్తుంది.

నలభై దాటినవాళ్లు

నలభై దాటాక దగ్గరి అక్షరాలు మసకబారే చత్వారం అందరికీ వస్తుంది. లేజర్ దాన్ని ఆపదు. మైనస్ రెండు, రెండున్నర ఉన్న అమ్మీ ఇప్పుడు అద్దాలు తీసేసి ఖురాన్ హాయిగా చదువుకోగలుగుతుంది. దూరపు చూపు కోసం లేజర్ చేయిస్తే, ఖురాన్ చదవడానికి కొత్తగా అద్దాలు పెట్టుకోవాల్సి రావచ్చు. ఈ వయసులో ఏది ముఖ్యమో ఆలోచించుకోవాలి.

ఫైలు పారేయొద్దు

చేయించుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి రెండు. అద్దాలు పోయినా అది మైనస్ కన్నే. రెటీనా చిరిగే ప్రమాదం మునుపటిలాగే ఉంటుంది. అకస్మాత్తుగా మెరుపులు, నల్లచుక్కలు, పక్కనుంచి తెర దిగినట్టు కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి. ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి.

రెండోది, ఆపరేషన్‌కు ముందు తీసిన కొలతల ఫైలు. ముప్పై ఏళ్ల తర్వాత మోతియాబింద్ వస్తే, లోపల ఏ నంబరు లెన్స్ పెట్టాలో లెక్కకట్టడానికి ఆ పాత కొలతలు డాక్టర్‌కు చాలా ఉపయోగపడతాయి. ఆధార్, రేషన్ కార్డు పెట్టే చోటే ఆ ఫైలు కూడా పెట్టాలి. ఒక ఫోటో తీసి పిల్లల ఫోన్‌లో కూడా ఉంచాలి.